పది అడుగుల దరఖాస్తు

రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని పని చేసే పిల్లలు చదువుతారు, మీ అనుభవం ఒకటి రాయండి అని నన్ను అడిగారు. మంచిది. మీకు నేర్పడానికి నా దగ్గర ఏమీ లేదు. మీ పనిలో నాకు పావు వంతు కూడా రాదు. ఒక పీడీఎఫ్ ఫారంతో ఒక మధ్యాహ్నమంతా పట్టిన కుస్తీ గురించి మాత్రం చెప్పగలను. చదివి నవ్వుకుంటే నా కష్టం వృథా పోనట్టే.

నేను గోడల మీద, బోర్డుల మీద అక్షరాలు రాసేవాణ్ని. హన్మకొండ బజారులో కిరాణా షాపుల బోర్డులు, మరిపెడ దాకా రోడ్డు పక్క గోడల మీద విత్తనాల ప్రకటనలు, స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలు దిగగానే కనిపించే సిమెంటు ప్రకటన, అన్నీ నా చేతి మీదుగా వెళ్లినవే. నాతో ఇంకొకాయన ఉండేవాడు. వయసులో నాకంటే పెద్ద. అన్నా అని పిలిచేవాణ్ని, ఇక్కడా అన్న అనే రాస్తాను. బొమ్మలు ఆయనవి, అక్షరాలు నావి. ఆయన ట్రాక్టరు వేస్తే దాని కింద కంపెనీ పేరు నేను రాసేవాణ్ని. గీత తిన్నగా రావడానికి నీలం పొడి అద్దిన దారాన్ని గోడకు ఆ చివర ఆయన, ఈ చివర నేను ఆనించి పట్టుకుని, మధ్యలో లాగి వదిలేవాళ్లం. టప్పుమని గోడ మీద నీలం గీత పడేది. దారం కొట్టడం అంటాం దాన్ని. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు.

పనంతా అయ్యాక కుడివైపు కింది మూలన మా ఆర్ట్స్ పేరు, ఫోన్ నంబరు రాయడం మా వృత్తిలో ఆచారం. యజమాని ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా రాస్తాం. గోడ చూసి మెచ్చినవాడు మమ్మల్ని ఇంకో పనికి పిలవాలంటే ఆ మూలే దారి. పని అయిపోయిందని తెలియగానే చెయ్యి దానంతట అదే ఆ మూలకు పోతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఇంకో సంగతి. ఇన్ని గోడలు నింపిన నాకు అప్పట్లో చదవడం వచ్చేది కాదు. నమ్మరు, కానీ నిజం. షాపు యజమాని కాగితం మీద రాసిస్తే, దాన్ని చూసి గోడ మీద పెద్దగా దించేవాణ్ని. నాకు అవి అక్షరాలు కావు, ఆకారాలు. ‘ఖ’ అంటే మెడ వంచి గింజలు ఏరుకునే కోడి. ‘జ్ఞ’ వచ్చిందంటే ఆ రోజు అన్నం ఆలస్యమవుతుందని లెక్క. “ఏం రాసినవ్‌రా?” అని అన్న అడిగితే, “ఏమో, మంచిగనే అచ్చింది” అనేవాణ్ని. ఆయనకూ చదువు రాదు కాబట్టి ఇద్దరికీ తృప్తిగానే ఉండేది.

మా పిల్లలు బడికి పోయే వయసుకు వచ్చాక, మా వాడలో పెద్దవాళ్ల కోసం సాయంత్రం బడి పెట్టారు. మా ఆవిడ ముందు తాను చేరి, తర్వాత నన్ను ఈడ్చుకుపోయింది. ఆకారాలు చేతికి ముందే వచ్చు కాబట్టి నోటికి రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. కొన్ని నెలలకు ఒక పొద్దున సైకిల్ మీద బజారుకు పోతూ, ఎప్పుడూ ఆగే గోడ దగ్గర ఆగాను. ఎందుకు ఆగానో మగవాళ్లకు చెప్పక్కరలేదు. ఎదురుగా నా చేతి రాత. కూడబలుక్కుని చదివాను: ‘ఇచ్చట మూత్రము పోయరాదు.’ ఎర్ర రంగు, నల్ల షేడు, చాలా బాగా రాశాను. ఏళ్ల తరబడి దాని కిందే నిలబడ్డాను.

ఆ రోజు పని ఎగ్గొట్టి ఊరంతా తిరుగుతూ నా గోడలన్నీ చదువుకున్నాను. ఇన్ని మాటలు నేనే రాశానా అని నాకే ఆశ్చర్యం. పనిలో అంత సంతోషం మళ్లీ ఒక్కసారే దొరికింది. ఆ ఒక్కసారి సంగతే ఇది.

తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. మాకు రంగు డబ్బాలు అమ్మే సేటు, అదే దుకాణాన్ని ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు చేశాడు. నన్ను పిలిచి, ప్రింటైన ఫ్లెక్సీని కర్ర ఫ్రేముకు గుంజి మేకులు కొట్టే పని ఇచ్చాడు. అక్కడ డిజైన్ చేసే అమ్మాయి ఒకామె ఉండేది. పని తెలిసిన పిల్ల, మాట కూడా గట్టి పిల్ల. నాయకుల పుట్టినరోజులు వరసగా వచ్చినప్పుడు ఒక్కతే తట్టుకోలేక, ఫొటోల కింద పేర్లు పెట్టడం నాకు నేర్పింది. అలా తల నెరిశాక కంప్యూటర్ మీద చెయ్యి పెట్టాను. నాకు వచ్చిన విద్య ఇంతే: బొమ్మ తెరవడం, దాని మీద పేరు పెట్టడం, మెషీన్‌కు పంపడం.

అన్న మాత్రం రాలేదు. “బొమ్మ మిషినే ఏస్తాంటే ఇగ నేనెందుకురా” అన్నాడు. హసన్‌పర్తిలో ఒక ఫంక్షన్ హాలుకు వాచ్‌మన్‌గా చేరాడు. బ్రష్షులు డబ్బాలో ఎక్కడివక్కడే ఎండి కర్రలైపోయాయి. ఎవరైనా చిన్న బొమ్మ అడిగితే కండ్లు ఆనుతలేవనేవాడు. ఇంకో రోజు అడిగితే చెయ్యి వణుకుతాందనేవాడు. వదిన, అంటే ఆయన భార్య, ఇంటి ముందు ఇడ్లీ బండి నడిపేది. ఎప్పుడూ ఎకసెక్కాలాడే మనిషి ఒకసారి నాతో మెల్లగా అంది: “ఇంట్ల ఉన్నట్టే ఉంటడు మరిదీ. కాని ఉండడు.”

పోయినేడు వానలు వెనకపట్టిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం వదిన ఆయన్ని రెక్క పట్టుకుని మా షాపులోకి తెచ్చింది. ఆయన మా బోర్డు వైపు, ఆమె వైపు మార్చి మార్చి చూశాడు.

“కండ్ల దవాఖాన అంటివి గదనే.”

“ఇదే దవాఖాన. కూసో.”

ఆయన్ని స్టూలు మీద కూలేసి, ఫోను నా చేతిలో పెట్టింది. ఊళ్లో గోడలకు బొమ్మలు వేయించే పని ఒకటి మొదలైందట. వరంగల్ స్టేషన్‌కు పోయే దారిలో ఉన్న పొడవాటి ప్రహరీ గోడ మీద వేయడానికి పెయింటర్లు కావాలట. ఆ పని చూసే ఆఫీసులో ఉండే ఒకామె రోజూ వదిన దగ్గర ఇడ్లీ తింటుంది. ఆమె పంపిన ఫారం అది. ఆ సాయంత్రం అయిదింటికి గడువు.

“వారం సంది చెప్తాన్న. ఇనలే. కండ్ల పరీక్షంటె జల్దిన చెప్పులేసుకున్నడు” అంది.

“ఈ వయసుల నన్ను గోడలెక్కిస్తదట” అన్నాడు అన్న నాతో.

“గోడ తర్వాత ఎక్కుదువు. ముందు ఫారం ఎక్కు.”

నేను ఫారం పైనున్న మొదటి వాక్యం చదివి వినిపించాను. చేతితో నింపిన దరఖాస్తులు స్వీకరించబడవు, కంప్యూటర్‌లో నింపి పీడీఎఫ్ రూపంలో పంపవలెను అని ఉంది. అన్న కాసేపు ఆలోచించాడు.

“అంటే, చేతులతోని బొమ్మలేసెటోడు కావాల్నట. చేతులతోని రాస్తె మాత్రం వద్దట.”

ఆ మాటకు ఆయనే నవ్వాడు. ఆయన నవ్వి ఎన్నాళ్లయిందో వదిన ముఖం చూస్తే తెలిసింది. ఏమైనా సరే ఈ ఫారం పంపాల్సిందే అని నాకు అప్పుడే గట్టిగా అనిపించింది.

డిజైన్ చేసే అమ్మాయి ఆ రోజు లేదు, తన తోడబుట్టినవాడి పెళ్లికి పోయింది. నేనే ఆమె కుర్చీలో కూర్చుని ఫారం తెరిచాను. ‘దరఖాస్తుదారు పేరు’ అన్నచోట నొక్కాను. ఏమీ కాలేదు. గట్టిగా నొక్కాను. కొన్ని ఫారాల్లో నొక్కితే రాసుకునే గడి తెరుచుకుంటుంది, మీకు తెలుసు. దీన్ని అలా తయారు చేయలేదు. కాగితం మీద నింపే ఫారాన్నే పీడీఎఫ్ చేసి పంపారు. ఎక్కడ నొక్కినా ఒక చెయ్యి బొమ్మ వచ్చి ఫారాన్ని పైకీ కిందికీ జరుపుతుంది తప్ప అక్షరం పడనివ్వదు.

గల్లా దగ్గర కూర్చున్న సేటు తల ఎత్తాడు. “ఏందయ్యా ఆ కొట్టుడు? అది మేకు అనుకున్నవా, మౌస్ అనుకున్నవా?”

అమ్మాయికి ఫోన్ చేశాను. అవతల డోలు, సన్నాయి.

“చెప్పు కాకా, జల్ది. తలంబ్రాలు పోసుకుంటాన్రు.”

“ఫారంల అక్షరం పడ్తలేదు బిడ్డా. చెయ్యి అస్తాంది.”

“ఆ పీడీఎఫ్ ఎడిట్ గాదు కాకా. అట్ల తెరువకు. మన డిజైన్ సాఫ్ట్‌వేర్‌ల తెరువు, ఫ్లెక్సీకి ఫొటో తెచ్చుకున్నట్టు. ఫారం కింద పడి ఉంటది. నువ్వు దాని మీద అక్షరాలు పెట్టుకుంట పో. అయినంక మళ్ల పీడీఎఫ్ చెయ్యి. గంతే.”

“అంటే గోడ మీద రాసినట్టే గద.”

“ఏం గోడ కాకా? ఉంటాన్న, నా నెత్తి మీద బియ్యం పడ్తానయ్.”

ఆ పిల్లకు అర్థం కాలేదు కానీ నాకు అర్థమైంది. గోడ మనల్ని రాయమని గడి తెరుస్తుందా? గోడ తన మానాన తాను నిలబడి ఉంటుంది, మనమే దాని మీద రాస్తాం. ఫారాన్ని బొమ్మలా తెరిచాను. సాఫ్ట్‌వేర్‌లో పై అంచు నుంచి మౌస్‌తో లాగితే ఒక నీలం గీత దిగుతుంది, అక్షరాలు దాని మీద వరసగా నిలబెట్టుకోవచ్చు. మా దారమే. కాకపోతే రెండో చివర పట్టుకోవడానికి మనిషి అక్కరలేదు. పక్కన స్టూలు మీద ఖాళీ చేతులతో కూర్చున్న అన్నను చూసి, ఆ గీత నాకు అంతగా నచ్చలేదు.

పేరు రాశాను. బోర్డు మీద స్థలం ఖాళీ వదిలితే యజమాని ఊరుకోడు, అది మాకు చిన్నప్పుడే పడ్డ దెబ్బ. అందుకని పేరును గడి ఈ చివర నుంచి ఆ చివర దాకా సాగదీశాను. వయసు గడి కూడా పొడుగ్గానే ఉంది. రెండే అంకెలు. వాటిని కూడా గడి నిండేదాకా పెంచాను.

“ఫోన్ నంబరు?”

అన్నకు గుర్తు లేదు. వదిన తడుముకోకుండా చెప్పింది.

“విద్యార్హత?”

“నీకెంతున్నదో అంత రాయి” అన్నాడు అన్న.

“నాది సాయంత్రం బడి.”

“నాకది గూడ లేదు. ఖాళీ ఇడువు.”

ఖాళీ వదలడం నా వల్ల కాలేదు. ‘లేదు’ అని రాసి, దానికి నల్ల షేడు ఇచ్చాను. చాలా హుందాగా కనిపించింది.

“అవార్డులు ఏమన్న అచ్చినయా అని అడుగుతాండ్రు.”

“కుక్క మొరిగింది. గంతే” అన్నాడు ఆయన విసుగ్గా.

సేటు లెక్క చూడడం ఆపేశాడు. “అది మాత్రం నిజం” అన్నాడు.

ఈ కుక్క సంగతి చెప్పాలి. దుకాణం రంగు డబ్బాలు అమ్మే రోజుల్లో సేటు తన షట్టర్ మీద అన్నతో ఒక పులిని వేయించుకున్నాడు. పగలంతా షట్టర్ పైకి చుట్టుకుని ఉంటుంది కాబట్టి పులి కనిపించదు. రాత్రి దుకాణం మూసేటప్పుడు షట్టర్ దిగుతుంటే ముందు పులి కాళ్లు, తర్వాత మీసాలు, చివరికి కళ్లు వచ్చేవి. ఎదుటి హోటల్ దగ్గర పడుకునే కుక్క ఒకటి లేచి, రోజూ దాన్ని చూసి గొంతు పోయేలా మొరిగేది. సేటు లోపల తాళం వెతుక్కుంటుంటే, బయట కుక్క గోల. అది బతికినన్నాళ్లూ ఒక్క రోజు కూడా మానలేదు.

అవార్డుల గడిలో నేను యథాతథంగా రాశాను: ‘వేసిన పులిని చూసి కుక్క ప్రతిరోజూ మొరిగేది. సాక్షి: షాపు యజమాని.’

వేసిన బొమ్మ ఫొటో ఒకటి జత చేయమని కూడా ఉంది. అన్న వేసిన గోడలన్నీ సున్నాల కింద, ఫ్లెక్సీల కింద పోయాయి. సేటు లేచి, అందరినీ బయటికి పొమ్మని, పట్టపగలు షట్టర్ కిందికి గుంజాడు. తుప్పు మరకల మధ్య పులి అలాగే ఉంది. రోడ్డు మీద పోతున్న బట్టల దుకాణం ఆయన బండి ఆపాడు.

“సేటూ, ఎవలు పోయిండ్రు?”

“ఎవ్వలు పోలే. పులి అచ్చింది” అన్నాడు సేటు.

నేను ఫొటో తీస్తుంటే, రోడ్డు అవతలి పక్కన నిలబడ్డ అన్న తనలో తాను అన్నాడు: “ఎడమ చెవ్వు జర పెద్దగైంది. అప్పుడు సూడలే.”

కండ్లు ఆనని మనిషి అంత దూరం నుంచి చెవి కొలత పట్టాడు. వదిన నా వైపు చూసింది. నేను వదిన వైపు చూశాను.

షట్టర్ లేపి లోపలికి వచ్చాం. ఫొటో పెట్టాను. పని అయిపోయిందని తృప్తిగా ఒకసారి అంతా చూసుకుని, అయిపోయిన పనికి చేయాల్సింది చేసి, మీట నొక్కాను. నాకు వచ్చిన విద్యలు మూడని చెప్పాను కదా, మూడోది మెషీన్‌కు పంపడం. వెనక గదిలో ఫ్లెక్సీ మెషీన్ లేచి ఒళ్లు విరుచుకుంది. చూస్తుండగానే ‘దరఖాస్తుదారు పేరు’ అని జానెడు అక్షరాలతో బయటికి రావడం మొదలైంది.

సేటు పరుగెత్తాడు. “ఎవని పుట్టినరోజయ్యా ఇయ్యాల?”

ఆపేలోపు దాదాపు అంతా వచ్చేసింది. తర్వాత పీడీఎఫ్ చేసి పంపబోతే అదీ పోలేదు. మళ్లీ అమ్మాయికి ఫోన్ చేశాను.

“కాకా, నేను పంక్తిల కూసున్న. చెయ్యి ఎంగిలి. చెప్పు.”

“పీడీఎఫ్ చేసి పంపబోతె ఫైలు పెద్దగున్నదని వాపసు కొడ్తాంది. మిషిన్ల గూడ అచ్చయింది.”

“ఫారం తెరిచేటప్పుడు సైజు ఎంత పెట్టినవ్?”

“మనం ఎప్పుడు పెట్టేదే. పది ఇంటు ఆరు.”

“ఇంచులేనా?”

“ఫీట్లు.”

అవతల కాసేపు డోలు మాత్రమే వినిపించింది. తర్వాత ఆమెకు పొలమారింది. ఎవరో నీళ్లు తాగమంటున్నారు. చివరికి గొంతు సవరించుకుని, “కాకా, అది చౌరస్తల కట్టేది కాదు. కాగితమంత చెయ్యి. నేను చెప్పినట్టు నొక్కుకుంట రా” అంది. అన్నం చల్లారిపోతున్నా లైన్ మీదే ఉండి, ఒక్కొక్క మీట చెప్పింది. ఫారం కాగితమంత అయింది. అయిదు కొట్టకముందే పోయింది. ‘మీ దరఖాస్తు అందినది’ అని తెర మీద వచ్చింది. దాన్ని నేను పైకే చదివాను. చదవడం వచ్చినందుకు సంతోషించిన సందర్భాల్లో అది కూడా ఒకటి.

పది అడుగుల ఫారాన్ని సేటు చెత్తలో పారేయమన్నాడు. వదిన పారేయనివ్వలేదు. మడిచి చంకన పెట్టుకుని, “ఇడ్లీ బండికి ఎండ కొడ్తాంది” అంది.

మర్నాడు అమ్మాయి పెళ్లి మెహెందీ చేతులతో వచ్చి, నా ఫైలు తెరిచి చూసింది. “కాకా, వయసేంది పెట్రోల్ బంకు కాడ రేటు లెక్క పెట్టినవ్” అని నవ్వుతూ కిందికి జరుపుతూ పోయింది. ఆఖరున ఆగిపోయింది. నవ్వు కూడా ఆగింది.

“కాకా, సంతకం కాడ ఇదేంది?”

వంగి చూశాను. ఫారంలో కుడివైపు కింది మూలన ‘దరఖాస్తుదారు సంతకం లేదా వేలిముద్ర’ అని ఉంది. దాని మీద, ఎర్ర రంగులో, మా పాత ఆర్ట్స్ పేరు, నా ఫోన్ నంబరు. రాసినట్టు నాకు గుర్తు కూడా లేదు. చెయ్యి దానంతట అదే పోయి రాసి వచ్చింది.

“సంతకం లేంది పక్కకు పెడ్తరు కాకా” అంది ఆమె మెల్లగా. గడువు దాటింది, మళ్లీ పంపడానికి లేదు.

వదినకు చెప్పలేకపోయాను. వారం పది రోజులకు ఆమే ఫోన్ చేసింది. “మరిదీ, మీ అన్న కొత్త బ్రష్షులు కొన్నడు. ఫంక్షన్ హాలు వెనక గోడకు బొగ్గుతోని పులి ఏస్తాండు, తుడుస్తాండు. రోజు గదే పని. ఏమన్న తెలిసిందా?” అని అడిగింది. లేదన్నాను. లేపకుండా ఉంటే ఆయన అలాగే కూర్చుని ఉండేవాడు. లేపి, మళ్లీ పడేస్తే ఇక లేవడు.

ఆ తర్వాత ఒక పొద్దున ఫ్రేముకు మేకులు కొడుతుంటే ఫోన్ మోగింది. ఆడ గొంతు. మా ఆర్ట్స్ పేరు చెప్పి, మీరేనా అంది. ఆ పేరుతో నన్ను ఎవరూ పిలిచి ఏళ్లయింది. సుత్తి కింద పెట్టాను.

“మేమే మేడం.”

“గోడల దరఖాస్తు గురించి. లోపల రాసిన నంబరు పనిచేస్తలేదు. రీచార్జ్ లేదనుకుంట. కింద మూలన ఇంకో నంబరు కనవడితె చేస్తాన్న. మీ ఫారంల సంతకం లేదు.”

“తప్పు నాది మేడం. ఆయినది కాదు. బోర్డు రాసే అలవాటుల…”

“అర్థమైంది. ఇంత మంది ఫారాలు పంపిండ్రు, మూలన పేరు రాసింది మీరొక్కలే. బోర్డు రాసినోళ్లే అని అక్కడ్నే తెలిసింది. ఆయినను తీసుకచ్చి వేలిముద్ర ఏపియ్యుండ్రి. గోడ చివర జరంత జాగ ఇస్తం, ఒక పులి ఏసి చూపెట్టాలె. మంచిగుంటే గోడంతా మీకే.” ఆగి అడిగింది: “కుక్క సంగతి నిజమేనా?”

“నిజమే మేడం. సేటును అడుగుండ్రి.”

“నేను కుక్కను అడుగుదామనుకున్న” అని ఫోన్ పెట్టేసింది.

అన్న ఫోన్‌కు రీచార్జ్ చేయించడం వదినకు గుర్తులేదు. ఎవరూ ఆయనకు ఫోన్ చేయరు కాబట్టి గుర్తుండే అవసరమూ రాలేదు. ఆ సంగతి తెలిసి, “నా నంబరు చచ్చిపోయి మంచిపని చేసింది” అన్నాడు ఆయన.

ఆయనతో వేలిముద్ర వేయించి, చెప్పిన రోజున గోడ దగ్గరికి పొద్దున్నే చేరాం. సేటు నాకు సెలవు ఇవ్వడమే కాదు, మధ్యలో తానూ వచ్చి చూసి పోతానన్నాడు. అమ్మాయి టీ ఫ్లాస్కు పంపింది. అన్న బ్రష్షు ముంచి మొదటి గీత గీశాడు. గీత వణికింది. గుడ్డతో తుడిచాడు. మళ్లీ గీశాడు. మళ్లీ వణికింది. ఈసారి తుడవలేదు, బ్రష్షు దించి గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. స్టేషన్ వైపు పోయే ఆటోలు వెనక నుంచి హారన్లు కొడుతూ పోతున్నాయి.

నాకు మాటలతో ధైర్యం చెప్పడం చేతకాదు. సంచిలోంచి దారం తీసి, నీలం పొడిలో అద్ది, ఒక చివర ఆయన చేతికిచ్చాను.

“పులికి దారమెందుకురా?” అన్నాడు.

“పులి నిలవడాలె గద. కింద నేల గీత కొడ్దాం.”

అటు చివర ఆయన, ఇటు చివర నేను. లాగి వదిలాను. టప్పుమంది. పొడి మరీ ఎక్కువ అద్దినట్టున్నాను, ఇద్దరి ముఖాలూ నీలమయ్యాయి. నన్ను చూసి ఆయన, ఆయన్ని చూసి నేను, దారం అలాగే పట్టుకుని చాలాసేపు నవ్వాం. తర్వాత ఆయన బ్రష్షు తీసుకున్నాడు. కాళ్లు వచ్చాయి, తోక వచ్చింది, చారలు వచ్చాయి. చెవులు వేసేటప్పుడు ఎడమ చెవిని రెండుసార్లు కొలిచాడు. మధ్యాహ్నం వదిన సద్ది తెచ్చి, తినమని అనకుండా పక్కన పెట్టి కూర్చుంది.

ఎండ తగ్గాక, నాకు ఫోన్ చేసిన ఆఫీసు మేడం వచ్చింది. ఇడ్లీ తినే ఆమె వేరు. బండి దిగి, దూరం నుంచి చూసింది, దగ్గరికి వచ్చి చూసింది. మంచిగుందనలేదు, లేదనలేదు. ఆఫీసుల్లో ఎక్కువ కాలం పనిచేసినవాళ్ల ముఖం చదవడం సాయంత్రం బడిలో నేర్పరు. అన్న కళ్లలో ఆఖరి తెల్ల చుక్క పెడుతున్నాడు. అన్న మాట ప్రకారం చూడవచ్చిన సేటు ఊరికే దగ్గుతున్నాడు.

అవతలి పక్క జ్యూస్ బండి కింద ఎర్ర కుక్క ఒకటి పడుకుని ఉంది. వదిన చెంబు కింద పెట్టిన చప్పుడుకు తల ఎత్తింది. గోడ వైపు చూసింది. లేచి నిలబడింది. రెండడుగులు ముందుకు, ఒకడుగు వెనక్కి వేసి, తోక కాళ్ల మధ్య పెట్టుకుని, మొరగడం మొదలుపెట్టింది. ఆటో డ్రైవరు అదిలించినా ఆగలేదు.

మేడం కుక్కను చూసింది, పులిని చూసింది. చివరికి మిగతా గోడంతా ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసి, “మీ బొమ్మల కోసం దీనికి సున్నం ఎప్పుడు ఏపియ్యమంటరు?” అని అడిగింది.

అన్న వెనక్కి తిరగలేదు. బ్రష్షు గుడ్డకు తుడుచుకుంటూ, నీలం ముఖంతో నాతో అన్నాడు:

“ఫారంల రాసుకో తమ్మీ. రెండో అవార్డు.”